మానాల్సింది మందులు కాదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. నాకు 32 ఏళ్లు. రెండేళ్ల కింద బైపోలార్ జబ్బు (మనసు అతి హుషారుకూ, తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే జబ్బు) అని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో 18 రోజులు ఉంచారు. లిథియం వాడుతున్నాను, బాగానే ఉన్నాను. కానీ నా ఫోను, ఏటీఎం కార్డు మా ఆయన దగ్గరే ఉంటాయి. మాత్ర వేసుకున్నాక నోరు తెరిపించి చూస్తారు. బతుకమ్మకు తల్లిగారింటికి పోతానన్నా, 'నీకు మళ్ల లేచింది, దవాఖాన్ల పడేస్త' అంటారు. విడాకులంటే కోర్టు నన్ను పిచ్చిదాన్నని తేలుస్తుందట. మందులు మానేసి, బాగున్నానని చూపించాలనిపిస్తోంది.

జవాబు: మందులు మాత్రం మానకండి. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది, అప్పుడు మీ భర్త బెదిరింపుకు మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది. మీ కోపం ఆ మాత్రను నోట్లో పెట్టే చేతి మీద. అది మాత్ర మీదికి మళ్లింది. మీ ప్రాంతపు ఎండల్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరుగుతుంది, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలతోనూ అంతే. కాబట్టి వాంతులు, చేతుల వణుకు, తూలుడు కనిపిస్తే వెంటనే డాక్టరును కలవండి.

జబ్బు ముదిరిన రోజుల్లో కార్డు దాచి ఉంటే అది జాగ్రత్తే కావచ్చు. ఆ స్థితిలో అప్పులు చేసి, ఉన్నదంతా ఊడ్చి ఖర్చు పెట్టిన వారిని నేను చూశాను. కానీ మనిషి కోలుకున్నకొద్దీ జాగ్రత్త సడలాలి. రెండేళ్లయినా సడలకపోగా, పుట్టింటికి పోతానన్న మాట కూడా జబ్బు లక్షణమైపోతే, దాన్ని పెత్తనమనే అనాలి. ఒక చిన్న పని చేసి చూడండి. ఏడు అరల మాత్రల డబ్బా కొని, ఆదివారం మీ చేతులతో నింపి, వారం చివర ఖాళీ అరలు ఆయనకు చూపండి. ఆయనది భయమైతే కొన్ని వారాల్లో తగ్గుతుంది. డబ్బానే లాక్కుంటే మీ అనుమానానికి జవాబు దొరికినట్టే.

దవాఖాన బెదిరింపు సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం భర్త కోరినంత మాత్రాన చేర్చుకోవడం కుదరదు. మీ ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించాలి. మొదట 30 రోజులకు మించి ఉంచరాదు. చేరింది స్త్రీ అయితే 3 రోజుల్లో ఆ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాలి. అయితే మీ తరఫున మాట్లాడే ప్రతినిధిని మీరు నియమించుకోకపోతే ఆ స్థానం బంధువుగా మీ భర్తకే దక్కవచ్చు. అందుకే మీ అన్ననో అమ్మనో నియమిస్తున్నట్టు తెల్లకాగితం మీద రాసి సంతకం చేయండి; వారి ఒప్పుకోలు కూడా రాతలో ఉండాలి. మీకు నిద్ర మూడు గంటలకు తగ్గినా అలసట లేకపోవడం, మాటలు ఆగకపోవడం వంటివి కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మని ఆ మనిషికి ముందే చెప్పి ఉంచండి.

కోర్టు భయం అక్కరలేదు. జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేదని అనుకోరాదని అదే చట్టం చెబుతోంది. జబ్బు పేరు ఒక్కటే విడాకులకు చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. డబ్బు, ఫోను అదుపులో పెట్టుకుని వేధించడం 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం నల్లగొండలో ఉంది, అక్కడ అడగండి; మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి. రాత్రయినా పగలైనా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఆశా కార్యకర్త ఫోను నుంచైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన చేయి చేసుకుంటే ఆలస్యం చేయక 112కు చెప్పండి.

ఈసారి లిథియం రక్తపరీక్షకు పోయినప్పుడు పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని డాక్టరును అడగండి. ఆ ప్రతినిధి కాగితం అప్పుడే డాక్టరు చేతికివ్వండి, కింద తేదీ వేయడం మరవకండి.