డెన్మార్క్‌లోని చిన్న రేవులో మొదలైన మెర్స్క్ ప్రపంచమంతటా ఎలా విస్తరించింది?

ఓడల మీద కంటైనర్లు రవాణా చేసే మెర్స్క్ కంపెనీ సొంత బలంతో ఎదిగిందా, ఇతర కంపెనీలను కొనుక్కుంటూ పెరిగిందా అని మీరు అడిగారు. తొలి తొంభై ఏళ్ల వరకు మొదటి మాటే చాలావరకు నిజం, ఆ తరువాతి కాలానికి రెండవది నిజం. నేను ఆ కంపెనీ ఉద్యోగిని కాను. వ్యాపారుల తరఫున సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ కార్యాలయంలో ఎగుమతి పత్రాలు తయారుచేసే పనిలో పదిహేడేళ్లుగా ఉన్నాను. ఈ చరిత్రను నేను మొదట చదివింది కంటైనర్ తలుపుల మీద.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్లు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) డ్రాఫ్టులో కంటైనర్ నంబరులోని రెండు అంకెలను అటూ ఇటూ చేసి కొట్టాను. పంపిన కాసేపటికే అది తిరిగి వచ్చింది. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, వాటి పక్కన చిన్న గడిలో విడిగా వేసిన మరో అంకె ఉంటాయి; ఆ చివరి అంకెను ముందున్న పదింటి నుంచి లెక్కగట్టి తీస్తారు కాబట్టి నాలాంటి వాళ్ల పొరపాటు దాదాపు ప్రతిసారీ అక్కడే బయటపడుతుంది. మా సెక్షన్‌లోని పెద్దాయన నన్ను తిట్టలేదు గానీ, "అంకెల సంగతి మెషీన్ చూసుకుంటుందిలే, నువ్వు ముందు అక్షరాలు చదవడం నేర్చుకో" అన్నారు. ఎం.ఎస్.కె.యు. అంటే మెర్స్క్, ఎస్.ఇ.ఎ.యు. అంటే సీ-ల్యాండ్, పి.ఓ.ఎన్.యు. అంటే పి అండ్ ఓ నెడ్‌లాయిడ్ అని ఒక కాగితం మీద రాసి, ఈ మూడు షిప్పింగ్ కంపెనీలూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాయని, మెట్టినింటికి వచ్చినా పుట్టింటి పేరు వదలలేదని చెప్పారు. ఈ అక్షరాలు ప్యారిస్‌లోని అంతర్జాతీయ కంటైనర్ బ్యూరోలో నమోదై ఉంటాయి. కంపెనీ చేతులు మారినంత మాత్రాన లక్షల పెట్టెలకు నంబర్లు మార్చి రంగులు వేయించడం ఖర్చుతో కూడిన పని కనుక, పెట్టె తుక్కులోకి వెళ్లేదాకా పాత పేరే సాగుతుంది.

ఇక కంపెనీ పుట్టుక. 1904లో పీటర్ మెర్స్క్ మోలర్ అనే ఓడ కెప్టెన్, ఆయన కొడుకు ఎ.పి. మోలర్ కలిసి స్వెండ్‌బోర్గ్ పట్టణంలో ఒక స్టీమర్ కంపెనీ పెట్టి, ఇతరులు వాడిన ఒక పాత ఓడతో వ్యాపారం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఓడల మీద, కంటైనర్ల మీద కనిపించే ఏడు కోణాల తెల్ల నక్షత్రం అంతకన్నా పాతది. 1886లో భార్య అన్నా జబ్బు నుంచి కోలుకున్నందుకు కృతజ్ఞతగా పీటర్ తన లారా అనే ఓడ పొగగొట్టం మీద నీలి పట్టీలో ఆ గుర్తు వేయించాడు. మొక్కు తీర్చుకోవడంలో ఇదొక పద్ధతి అనుకుంటాను.

కంపెనీని చిన్న స్థాయి నుంచి పైకి తీసుకువెళ్లిన తొలి నిర్ణయం, నా ఉద్దేశంలో, 1928 నాటిది. అప్పటిదాకా ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి వెళ్లే ఓడలను నడిపిన సంస్థ, ఆ ఏడాది అమెరికా తూర్పు తీరం నుంచి పనామా కాలువ మీదుగా తూర్పు ఆసియాకు వేళ ప్రకారం నడిచే లైనర్ సర్వీసును ప్రారంభించింది. కిరాయి ఆటోకూ, టైమ్ టేబుల్ ఉన్న బస్సుకూ ఉన్నంత తేడా ఈ రెండింటికీ ఉంది: బస్సు సగం ఖాళీగా ఉన్నా బయలుదేరాలి, కానీ ఆ నమ్మకం కోసమే ప్రయాణికుడు మళ్లీ మళ్లీ వస్తాడు.

యుద్ధకాలంలో కంపెనీ బతికి బట్టకట్టడం వెనుక ఒకే ఒక్క రోజు ముందుచూపు ఉంది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించగా, అంతకు ముందు రోజే ఎ.పి. మోలర్ సముద్రం మీదున్న తన ఓడలన్నీ ఇకపై న్యూయార్క్‌లోని భాగస్వామ్య సంస్థ ఆదేశాలను పాటించాలని వర్తమానం పంపాడు. ఆయన కొడుకు మెర్స్క్ మెక్‌కిన్నీ మోలర్ ఇరవై ఆరేళ్ల వయసులో అమెరికా చేరి, 1947 వరకు అక్కడే ఉండి వ్యవహారాలు చూశాడు. యుద్ధం ముగిసేసరికి 25 ఓడలు, సుమారు 150 మంది నావికులు తిరిగి రాలేదు. 1965లో తండ్రి మరణించాక సంస్థ పగ్గాలు ఆ కొడుకు చేతికే వచ్చాయి.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, కంటైనర్లలోకి మెర్స్క్ ఆలస్యంగా వచ్చింది. లారీల వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ 1956 ఏప్రిల్ 26న 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపి ఈ యుగాన్ని ప్రారంభించాడు. ఆయన సంస్థే తరువాత సీ-ల్యాండ్ అయింది. మెర్స్క్ తన తొలి పూర్తిస్థాయి కంటైనర్ ఓడ ఆడ్రియన్ మెర్స్క్‌ను నడిపింది 1975లో, అంటే దాదాపు ఇరవై ఏళ్ల తరువాత. ఇతరులు దెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని చూసి, ఆపైన గట్టిగా పెట్టుబడి పెట్టడం మంచిదే అయిందని నేను అనుకుంటాను. 1999లో సీ-ల్యాండ్ అంతర్జాతీయ వ్యాపారాన్నే మెర్స్క్ సుమారు 80 కోట్ల డాలర్లకు కొనేసింది. కంటైనర్‌ను కనిపెట్టినవాడి ఇల్లు, ఆలస్యంగా నేర్చుకున్నవాడి ఇంట్లో కలిసిపోయింది.

2005లో పి అండ్ ఓ నెడ్‌లాయిడ్‌ను 230 కోట్ల యూరోలకు కొన్నప్పుడు మాత్రం కథ అంత సాఫీగా నడవలేదు. రెండు సంస్థల కంప్యూటర్ వ్యవస్థలను కలపడంలో ఇబ్బందులు తలెత్తి, ఖాతాదారులు కొందరు జారిపోయి, 2006లో కంటైనర్ విభాగం నష్టం చూసింది. డబ్బుతో ఓడలను, పెట్టెలను ఒక్క రోజులో తెచ్చుకోవచ్చు. సరుకు పంపేవాడు మాత్రం తన ఫోను ఎత్తి, తన సరుకు సంగతి తెలిసి మాట్లాడే గుమాస్తా ఎక్కడుంటే అక్కడికి పోతాడు. మా పనిలో రోజూ చూసేది ఇదే.

అదే 2006లో ఎమ్మా మెర్స్క్ అనే భారీ కంటైనర్ ఓడ నీటిలోకి దిగింది. దాదాపు 397 మీటర్ల పొడవు, పద్నాలుగు సిలిండర్ల ఒకే ఇంజన్. ఇరవై అడుగుల పెట్టెలు 11,000 పడతాయని కంపెనీ తన లెక్కలో తక్కువ చేసి చెప్పింది గానీ, ఇతరులు లెక్కగట్టే పద్ధతిలో ఆ సంఖ్య 14,000 దాటుతుంది. ఓడ పెద్దదయ్యేకొద్దీ ఒక్కో పెట్టె మీద పడే ఇంధనం, సిబ్బంది ఖర్చు తగ్గుతుంది. అయితే ఓడ నిండాలి, రేవులో దానికి తగిన లోతు, క్రేన్లు ఉండాలి. రేవు టెర్మినళ్లను కూడా మెర్స్క్ గ్రూపే నడపడానికి ఇదొక కారణం.

2017 ఆ కంపెనీకి విచిత్రమైన సంవత్సరం. జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ దాని కంప్యూటర్లను ప్రపంచమంతటా స్తంభింపజేసింది. ఘానా కార్యాలయంలో ఆ సమయానికి కరెంటు పోయి ఉండటంతో ఒక ముఖ్యమైన సర్వర్ నకలు చెడకుండా మిగిలి, దాని ఆధారంగా మిగతాదంతా కట్టుకొచ్చారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ అమర్చారు. ఆ ఏడాదే చమురు వ్యాపారాన్ని ఫ్రాన్స్‌కు చెందిన టోటల్‌కు అమ్మేందుకు ఒప్పందం చేసుకుని, హాంబుర్గ్ సూడ్ అనే పాత జర్మన్ షిప్పింగ్ లైన్‌ను కొన్నారు. ఓడలకే పరిమితం కాకుండా గిడ్డంగి నుంచి గిడ్డంగి దాకా మొత్తం రవాణాను చేపట్టాలన్న దారి అప్పుడే స్పష్టమైంది.

2022లో మోయగల సామర్థ్యంలో ఎం.ఎస్.సి. (మెడిటరేనియన్ షిప్పింగ్ కంపెనీ) మెర్స్క్‌ను దాటిపోయింది. 1970లో జాన్లుయిజీ ఆపోంతే ఒకే ఓడతో స్థాపించిన ఆ సంస్థ పాత ఓడలను విరివిగా కొంటూ పెరిగింది. మెర్స్క్ మాత్రం ఓడల సంఖ్యలో పోటీ పడటం కన్నా, వేరే రకం ఇంధనం మీద దృష్టి పెట్టింది. 2023లో మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్‌తో నడవగల తన తొలి కంటైనర్ ఓడకు లారా మెర్స్క్ అని, నక్షత్రాన్ని మొదట మోసిన ఆ పాత స్టీమర్ పేరే పెట్టింది.

ఆ ఏడాదే హాంబుర్గ్ సూడ్ పేరును కూడా పక్కన పెట్టేస్తున్నట్లు ప్రకటించారు. అయినా మొన్న నేను సరిచూసిన డ్రాఫ్టులో పైన మెర్స్క్ నక్షత్రం, కింద కంటైనర్ నంబరు గడిలో ఎస్.యు.డి.యు. అని ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయి అది తప్పేమో అనుకుని ఎర్ర పెన్నుతో చుట్టింది. పెద్దాయన నాకు రాసిచ్చిన కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది. దాని చివర ఈ నాలుగు అక్షరాలు చేర్చి ఆ అమ్మాయికి ఇచ్చాను.