‘పాప’ ‘వావ’ ఎందుకైంది

విజయనగరం

అమ్మాయీ,

నీ పిల్లల కథ చదివాను, బావుంది. అట్ట చూశాకే మనసు చివుక్కుమంది. ‘కళింగపట్నం పాప పడవ’ అని నువ్వు పెట్టిన పేరు నాలుగడుగుల దూరం నుంచి ‘వావ వడవ’లా కనిపిస్తోంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లల చేతికిచ్చే పుస్తకమమ్మా ఇది!

నువ్వు వాడిన ‘బాలూ తమ్ముడు’ మంచి ఫాంటే. ముంబైలోని ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లు చేశారు. బొద్దుగా, గుండ్రంగా ముద్దొస్తుంది. మొదట ఒకే మందంలో వచ్చింది. ‘బాలూ తమ్ముడు 2’లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా అయిదున్నాయి. నువ్వు పాతది తీసుకుని, అదీ చాలదన్నట్టు బోల్డ్ బటన్ నొక్కావు. అప్పుడు సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని నాలుగువైపులా ఉబ్బిస్తుంది, అంతే. ‘ప’కి పైన తెరిచి ఉండాల్సిన నోరు పూడిపోయింది. ఆపైన 4 పాయింట్ల ఎర్ర అంచు (పాయింటంటే అంగుళంలో 72వ వంతు). అందులో సగం అక్షరం మీదికి, సగం బయటికి వస్తుంది. అంటే అక్షరం పొట్టలోని ఖాళీ ఈ పక్క 2, ఆ పక్క 2, మొత్తం 4 పాయింట్లు ఇరుకైంది. లావు అక్షరానికి ఊపిరి ఆ ఖాళీయే. అంచు తప్పదనుకుంటే అక్షరాల మధ్య దూరం కాస్త పెంచి, అంచు పొరని వెనక్కి తోసెయ్.

ఇక్కడ మూడు లాంతర్ల కూడలి దగ్గర ఏ ఫ్లెక్సీ చూసినా ఇదే అంచు, ఇదే నీడ. బారసాలకీ శ్రద్ధాంజలికీ ఒకటే బొద్దక్షరం! పోయినాయన ఫొటో కింద ఆ గంతులేసే అక్షరాలు చూస్తే కడుపు రగిలిపోతుంది. పత్రికల్లో శీర్షికలు పెట్టేవాళ్లూ అంతే, లావుంటే చాలనుకుంటారు.

‘ట్న’ కింది నవత్తు రెండో లైను నెత్తినెక్కింది. 60 పాయింట్ల అక్షరానికి లైన్ల మధ్య 72 పెట్టావు. ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ, కింద వత్తులూ పైన గుళ్లూ ఉన్న మనకి 90 కావాలి. లోపలి 24 పేజీలూ ఇదే ఫాంటులో పెట్టకు, రెండో పేజీకే కళ్లు లాగేస్తాయి. కథకి 16 పాయింట్ల ‘మండలి’ ఫాంటు పెట్టు. బొద్దక్షరాన్ని పేరుకీ, ‘దభీ’మనే చప్పుళ్లకీ దాచుకో.

సొంతంగా అక్షరాలు గీస్తానన్నావు. ‘అ’తో మొదలెట్టకు. ముందు ఘ, ఝ, ఢ గియ్యి. వాటిలో ఖాళీ మిగిలిందంటే తక్కినవన్నీ వాటంతటవే కుదురుతాయి. అడ్డగీతలు నిలువు గీతల కన్నా ఒక్క వాసి సన్నగా ఉండాలి. రెండు గీతలు కలిసేచోట లోపలికి చిన్న నొక్కు ఇవ్వు, లేకపోతే అక్కడ సిరా ముద్దకడుతుంది. వత్తులు ఇంకాస్త సన్నం. అక్షరం గుండ్రటి అడుగు, అది కూర్చునే గీతకి వెంట్రుకవాసి కిందికి దిగితేనే తిన్నగా కనిపిస్తుంది.

తర్వాత ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని అంగుళం ఎత్తున అచ్చు తీసి గోడకి అంటించి, పదడుగుల దూరంలో ఓ మూడో తరగతి పిల్లని నిలబెట్టి చదివించు. తడుముకున్న చోట పెన్సిల్‌తో చుట్టి, ఆ కాగితాన్నే నాకు పోస్టులో పంపు.