లివర్‌లో కణాలు మారాయంటే క్యాన్సర్ అని కాదు

మీ నాన్నగారి రిపోర్టులో ఫైబ్రోసిస్ అని వచ్చింది, కణాల్లో మార్పు వల్ల మచ్చలు పడుతున్నాయని డాక్టర్ చెప్పారు, ఇది క్యాన్సరేనా అని అడిగారు. కాదండీ. 2019లో మా నాన్నకి ఇదే మాట చెప్పినప్పుడు మాకూ రెండు రాత్రులు నిద్ర లేదు.

నాన్నకి పదిహేనేళ్లుగా షుగర్. మద్యం అలవాటు లేదు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చినా, ఎస్‌జీపీటీ అనే లివర్ రక్తపరీక్ష నార్మల్‌గా ఉంది కదా అని మూడేళ్లు పట్టించుకోలేదు. తర్వాత లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తే 10.8 కిలోపాస్కల్స్. మామూలుగా 7 లోపు ఉండాలి.

అప్పుడు అర్థమైంది ఇదీ. లివర్‌లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి. 1876లో కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాటిని చూసి, నక్షత్రాల్లా ఉన్నాయని ఆ పేరు పెట్టాడు. మామూలుగా అవి విటమిన్ ఎ దాచుకుని ఓ మూల కూర్చునే కణాలు. కొవ్వు, మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, ఏదో ఒకటి లివర్ కణాలను దెబ్బతీస్తే, చుట్టూ టీజీఎఫ్-బీటా లాంటి రసాయన సంకేతాలు విడుదలవుతాయి. దాంతో ఇవి విటమిన్ ఎ వదిలేసి, సంఖ్య పెంచుకుని, కొలాజెన్ అనే పీచు తయారుచేయడం మొదలుపెడతాయి. చేతికి దెబ్బ తగిలితే మచ్చ కట్టినట్టే. కాకపోతే ఇక్కడ దెబ్బ రోజూ తగులుతుంది, కాబట్టి పీచు పేరుకుంటూనే ఉంటుంది, లివర్ గట్టిపడుతుంది. ఎస్‌జీపీటీ చూపించేది కణాలు దెబ్బతినడాన్నే, పేరుకున్న పీచును కాదు. మేం మోసపోయింది అక్కడే.

దెబ్బ ఆగితే ఆ కణాల్లో కొన్ని చనిపోతాయి, కొన్ని మళ్లీ నెమ్మదిస్తాయి, పీచు కూడా కొంత కరుగుతుంది. హెపటైటిస్ సి నయమైనవాళ్లలో ఇది బాగా కనిపించింది. మా నాన్న పద్నాలుగు నెలల్లో 84 కిలోల నుంచి 75కి తగ్గారు. రాత్రి అన్నం మానేశారు, పొద్దున్నే గంట నడక. షుగర్ కూడా అదుపులోకి వచ్చింది. మళ్లీ చేయిస్తే 7.4. ఆ కాగితం పట్టుకుని అమ్మ ఏడ్చేసింది.

సిర్రోసిస్ దాకా, అంటే లివర్ అంతా మచ్చలు కట్టి గట్టిపడే దశ దాకా వెళ్తే మాత్రం ఇంత తేలిక కాదు. క్యాన్సర్ ముప్పు పెరిగేది కూడా ప్రధానంగా ఆ దశలోనే, అందుకే వాళ్లకి ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయిస్తారు. మీరు ముందు నాన్నగారి ఫైబ్రోస్కాన్ నంబర్ ఎంతో చూడండి, హెపటైటిస్ బి, సి టెస్టులు చేశారో లేదో అడగండి. ఎవరో చెప్పారని పసరు మందులు మాత్రం పట్టించకండి, కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి.