కంద మీద వేసిన నింద

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పటమట ఫ్లాట్‌లో హాలంతా మొక్కలతో నింపేస్తున్నావట, కడియం మొక్కల బండి అతనితో ఎనిమిది కుండీలకు బేరం కూడా అయిపోయిందట, ఆదివారం తెచ్చి దింపుతాడట. వినగానే ఎంత సంబరపడ్డానో. మన వైపు నా తర్వాత మట్టిలో చెయ్యి పెట్టేవాళ్లే లేరనుకున్నాను. తీరా ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆ ఎనిమిదింటిలో రెండు డిఫెన్‌బేకియాలు అంది మీ అమ్మ, కొరికితే నోరు వాచే మొక్క అది. బుడ్డోడికి పది నెలలు, పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లోకే. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఈ పొడుగు మెసేజ్ రాస్తున్నాను. మధ్యలో తిట్లుంటాయి, ఓపిగ్గా చదువు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. కడియం మొక్కలు నిగనిగలాడుతూ ఉంటాయి గానీ సంచిలో ఉండేది ఎర్రమట్టి. అక్కడ ఆరుబయట గాలికి ఆ మట్టి ఆరిపోతుంది, నీ హాల్లో వారమైనా ఆరదు, లోపల వేళ్లు కుళ్లుతుంటే పైన ఆకు పండిపోతుంది, నువ్వేమో నీళ్లు చాల్లేదనుకుని ఇంకో చెంబు పోస్తావు. తెచ్చిన రోజే మార్చకు. రెండు వారాలు కొత్త చోటికి అలవాటు పడనిచ్చి, అప్పుడు సగం కోకోపీట్ (కొబ్బరిపొట్టు), మిగతా సగంలో వర్మీకంపోస్టు, ముతక ఇసుక, గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపి అందులో పెట్టు. అడుగున బెజ్జం లేని కుండీ ఎంత ముద్దొచ్చినా కొనకు. నీళ్లు రోజూ పొయ్యకు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పొయ్యి. మీ అత్తగారు పొద్దున్నే తులసికి పోస్తూ వీటికీ తలా ఓ చెంబు పోసేస్తారు, నాకు తెలుసు. ఆవిడకి నువ్వు చెప్పకు, అల్లుడి చేత చెప్పించు.

మీ కిటికీ పడమర వైపు కదా. రోహిణీ కార్తెలో బెజవాడ ఎండ ఒక్క మధ్యాహ్నం నేరుగా తగిలితే చాలు, ఆకు అప్పడంలా వేగిపోతుంది. తెల్లటి పల్చని కర్టెన్ వెయ్యి. ఏసీ గాలి సూటిగా తగిలే చోటా వద్దు. మాన్‌స్టెరా ఆకులకు చిల్లులు పడటం లేదని రెండో నెల్లో నాకు ఫోన్ చేస్తావు, రాసిపెట్టుకో. లేత మొక్కకి పడవే! మెక్సికో అడవుల్లో చెట్ల మానులు పట్టుకుని ఎగబాకే మొక్క అది. వయసు రావాలి, వెలుతురు చాలాలి, పట్టుకోడానికి కొబ్బరిపీచు చుట్టిన కర్ర ఒకటి ఉండాలి. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలవనివ్వకు, డెంగీ దోమకి ఆ కాసిని నీళ్లే చాలు. పసివాడున్న ఇల్లు.

ఇంకోటి, మొక్కలుంటే గాలి శుభ్రమవుతుందని మీ అమ్మకి చెప్పావట. 1989లో నాసా వాళ్లు గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి చేసిన ప్రయోగం గురించే ఇప్పటికీ అందరూ చెప్పుకుంటున్నారు. తలుపులూ కిటికీలూ ఉన్న మన హాల్లో ఎనిమిది కుండీల వల్ల ఒరిగేదేమీ లేదు. అందంగా ఉన్నాయని పెంచుకో, అది చాలదూ?

ఇక డిఫెన్‌బేకియా. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకే మొదటిసారి చెబుతున్నాను.

1996 సంక్రాంతికి మీరంతా గుంటూరు వచ్చారు. నీకు రెండున్నరేళ్లు. బ్రాడీపేటలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. వరండాలో నా డిఫెన్‌బేకియా నా ఎత్తు పెరిగి, కింద ఆకులన్నీ రాలిపోయి, పైన కుచ్చు మాత్రం మిగిలి తాటిచెట్టులా తయారైంది. పండక్కి ఇల్లు చూడముచ్చటగా ఉండాలని భోగి ముందు రోజు కత్తిపీట తెచ్చి దాని కాండాన్ని ముక్కలు కోశాను. జానెడు ముక్కకి ఒక కణుపైనా ఉంటే మళ్లీ చిగురేస్తుంది. పేపరు మీద ఆరబెట్టి, పాలవాడు పిలిస్తే గేటు దాకా వెళ్లాను. అంతే, రెండు నిమిషాలు. ఆ పొద్దున్నే మీ తాతయ్య నీకు చెరుకు ముక్కలు కోసి పెట్టారు. కణుపులు కణుపులుగా, ఆకుపచ్చగా, అచ్చం చెరుకు ముక్కల్లాగే ఉన్నాయి నా ముక్కలు కూడా.

వచ్చేసరికి నువ్వు పేపరు మీద చతికిలబడి ఉన్నావు. చేతిలో ముక్క, దాని మీద నీ పళ్ల గాట్లు. నోరు తెరిచి ఏడుస్తున్నావు గానీ గొంతు బయటికి రావడం లేదు. చొంగ కారి గౌను ముందంతా తడిసిపోయింది, కింద పెదవి వాచి ముందుకు పొడుచుకొచ్చింది. మీ అమ్మ పరిగెత్తుకొచ్చి "ఏం కొరికిందక్కా?" అంది. నా నోట్లోంచి "కంద" అని వచ్చింది. పండక్కని తెచ్చిన కంద దుంప నిజంగానే వంటింట్లో ఉంది.

ఎందుకన్నానో తెలుసా? అప్పటికి పదేళ్లుగా కాలేజీలో బోటనీ చెబుతున్నాను నేను. ఏటా ప్రాక్టికల్స్‌లో నీళ్ల మీద తేలే అంతరతామర ఆకు కోసి, మైక్రోస్కోపు కింద రాఫైడ్లు చూపించేదాన్ని, సూదుల కట్టల్లా ఉంటాయి, కాల్షియం ఆక్సలేట్ సూదులు, కొరికితే నోట్లో గుచ్చుకునేవి. కందలో, చేమలో, డిఫెన్‌బేకియాలో ఉండేవీ అవే, అన్నీ ఒకే కుటుంబం. వందల మంది పిల్లలకి చూపించినదాన్ని, నా చెల్లెలి కూతురి ముందు వాటిని పేపరేసి మరీ పరిచాను. ఆ మాట మీ అమ్మ ముందు ఒప్పుకోడానికి నోరు రాలేదు. కొత్తపేటలో పిల్లల డాక్టరు దగ్గరా అదే అబద్ధం. సూదులు ఒకటే కాబట్టి వైద్యం ఏమీ మారలేదు. నోరు కడిగించి, చల్లటి పాలు చెంచాతో పట్టించి, ఊపిరి ఎలా ఉందో చూస్తూ సాయంత్రం దాకా ఉంచుకుని పంపించేశారు. కానీ వేరే ఏదైనా విషపు మొక్క అయ్యుంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. రాత్రి పది గంటలకి నువ్వు బొంగురు గొంతుతో "పెద్దమ్మా, చెరుకు" అన్నావు. అప్పుడు ఏడ్చాను.

ఆ రోజు నుంచి మీ ఇంట్లో కంద వండలేదు. నీ పెళ్లిలో వంటవాళ్లు కంద బచ్చలి చేస్తామంటే మీ అమ్మ ఎంత రభస చేసిందో గుర్తుందిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు, ఇక్కడ కత్తిపీట చేసిన పనికి కంద తిట్లు తింది.

కాబట్టి ఆ రెండు డిఫెన్‌బేకియాలు వద్దని బండి అతనికి ఈరోజే ఫోన్ చెయ్యి. వాటి బదులు అరెకా పామ్, కలాతియా, స్పైడర్ ప్లాంట్ తెమ్మను, వాటి ఆకు నోట్లో పెట్టుకున్నా అంత భయం లేదు. కలాతియా రాత్రయ్యేసరికి ఆకులన్నీ పైకి ముడుచుకుంటుంది, బుడ్డోడికి చూపించు. దానికి మాత్రం బోరు నీళ్లు పడవు, అంచులు మాడతాయి, ఆర్వో నీళ్లు పొయ్యి. మాన్‌స్టెరా, మనీప్లాంటు, ఆగ్లోనెమా కూడా కంద చుట్టాలే. మానమనను, నీ ముచ్చట నాకు తెలుసు. వాడి చెయ్యి అందని ఎత్తులో పెట్టు, కొమ్మ కత్తిరించినప్పుడు ముక్కలన్నీ లెక్కపెట్టి తీసెయ్యి, చేతులు కడుక్కో. పొరపాటున కొరికితే తడిగుడ్డతో నోరు తుడువు, కక్కించకు, నోరు వాచినా మింగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. ఆ మొక్క ఆకు కూడా పట్టుకెళ్లు, నాలా పేరు మార్చి చెప్పకు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను, బండి వచ్చేలోపే ఉంటాను. మీ అమ్మని కూడా రమ్మన్నాను. కొల్లి శారద మార్కెట్లో మంచి కంద చూసి కిలో తెస్తాను, బచ్చలి నువ్వు కొనిపెట్టు, చింతపండు బాగా నానబెట్టు. కోసేది నేనే. మీ అమ్మ ముద్ద నోట్లో పెట్టుకునే ముందే నేను చెప్పాల్సింది చెబుతాను. అప్పటిదాకా ఈ మెసేజ్ ఆవిడకి ఫార్వర్డ్ చెయ్యకు.

మీ పెద్దమ్మ