కాపాడాక తొందర వద్దు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్తూ లాబ్రడార్‌ను పెరట్లో కట్టేసి పోయారు. పది రోజులకుగానీ మాకు తెలియలేదు. కారుతున్న కుళాయి నీళ్లతో బతికింది. జాలేసి పెద్ద పళ్లెం నిండా పెరుగన్నం పెడితే ఆబగా తినేసింది. మూడో రోజుకు కాళ్లు తేలిపోయాయి, మూత్రం ఎర్రగా వచ్చింది. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, ఇప్పుడు లేస్తోంది. అన్నం పెట్టడమే తప్పయిందా?
- బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పెట్టడం తప్పు కాదండీ. ఒకేసారి అంత పెట్టడం, అదీ అన్నమే ఎక్కువగా పెట్టడం వల్ల వచ్చిన చిక్కులా ఉంది. రోజుల తరబడి పస్తున్న ఒంట్లో ఫాస్ఫరస్, పొటాషియం అడుగంటిపోతాయి. అన్నం లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాలనూ కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫరస్ మరీ పడిపోతే ఎర్రరక్తకణాలు చిట్లి మూత్రం ఎర్రబడుతుంది, కండరాలు పట్టు తప్పుతాయి, ఊపిరి కూడా కష్టమవుతుంది. తిండి మొదలుపెట్టిన తొలి ఐదు రోజులూ ఈ గండం ఉంటుంది. అయితే పిడుదుల వల్ల వచ్చే బబీసియా జబ్బులోనూ మూత్రం ఎర్రగానే వస్తుంది కాబట్టి రక్తపరీక్షలో ఫాస్ఫరస్, బబీసియా రెండూ చూడమని అడగండి. తిరుపతిలోనే పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, ఇలాంటి కేసును ఇంట్లో ఉంచుకుని చూద్దాంలే అనుకోవద్దు.

ఇకపై ఇలాంటి కుక్క కంటపడితే ముందు బరువు తూచండి. కిలోల బరువును 30తో హెచ్చించి 70 కలిపితే, ఊరికే పడుకుని ఉన్నా దానికి రోజుకు కావలసిన కేలరీలు వస్తాయి. 18 కిలోలుంటే 610. మొదటి రోజు అందులో పావు వంతే, అంటే సుమారు 150. ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం 65 గ్రాములు, అన్నం 35 గ్రాములు కలిపితే సరిపోతుంది. దాన్ని ఆరు పూటలు చేసి నాలుగేసి గంటలకు ఒక పెద్ద చెంచాడు పెట్టాలి. అది మీ మొహంలోకే చూస్తూ ఉంటుంది, పెట్టే చెయ్యి ఆగదు. ఆపుకోవాలి. రెండో రోజు సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజు పూర్తిగా. వాంతులో విరేచనాలో అయితే ముందు రోజు కొలతకే వెనక్కి వెళ్లండి. మాంసం వండని ఇల్లయితే ఉప్పు లేని పనీర్ వాడొచ్చు. పాలు వద్దు, చాలా కుక్కలకు విరేచనాలవుతాయి. నట్టల మందు కాస్త కోలుకున్నాక డాక్టర్ చెప్పినప్పుడే.

ప్రశ్న: మా వీధిలో ఒకరు పంజరంలోని రామచిలుకను వదిలించుకోవాలనుకుంటున్నారు. మేం తెచ్చి పెంచుకోవచ్చా?
- తిరుచానూరు

జవాబు: కుదరదు. మన రామచిలుక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వస్తుంది. కొనడమే కాదు, ఉచితంగా తీసుకుని పెంచినా నేరమే. నక్షత్ర తాబేలుకూ ఇంతే. అటవీ శాఖకు అప్పగించమనండి. రెక్కలు కత్తిరించిన చిలుకను మాత్రం బయటికి వదలొద్దు, ఎగరలేక కాకులకో పిల్లులకో చిక్కుతుంది.

ప్రశ్న: ఎదురింటివాళ్లు మేడ మీద కుక్కను రెండడుగుల గొలుసుతో ఎండలోనే ఉంచుతున్నారు. మెడపట్టీ చర్మంలోకి దిగి పుండు పడింది, పురుగులు కూడా కనిపిస్తున్నాయి. రాత్రిపూట వెళ్లి విప్పేద్దామా?
- గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వద్దు. అది దొంగతనం కిందికి వస్తుంది, పైగా నొప్పితో ఉన్న కుక్క కరుస్తుంది. ముందు మంచిగా మాట్లాడండి. పెంచలేక, వదల్లేక ఉన్నవాళ్లు చాలామంది ‘మేం తీసుకుంటాం, ఖర్చు మాది’ అంటే ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ‘కుక్కపై హక్కు వదులుకుంటున్నాం’ అని రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం లేకుంటే, దానికి నయమయ్యాక తిరిగి ఇమ్మని వస్తారు.

మాట వినకపోతే, మీ ఇంటి నుంచే రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో తేదీ పడేలా వీడియో తీసి, పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. జంతు హింస నివారణ చట్టం, 1960లోని సెక్షన్ 11 ప్రకారం పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, తిండీ నీరూ నీడా ఇవ్వకపోవడం, ఆకలికి గురయ్యేలా వదిలేయడం నేరాలు. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఒక ప్రాణానికి 1960లో కట్టిన వెల ఇంకా మారలేదన్నది బాధాకరం. కొట్టి అవిటిది చేసినా, విషం పెట్టినా మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు.

కుక్క మీ చేతికొచ్చాక పట్టీని ఇంట్లో లాగొద్దు, మత్తిచ్చి ఆస్పత్రిలోనే కోయాలి. పురుగుల మీద ఫినాయిల్, కిరోసిన్ పోయొద్దు. పచ్చి పుండు కాలిపోతుంది, మందు ఒంట్లోకి ఇంకుతుంది. మీకు పన్ను గీసుకున్నా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టండి.

ప్రశ్న: కోర్సు అయిపోయి వెళ్తూ హాస్టల్ పిల్లలు రెండున్నర నెలల ఆడ కుక్కపిల్లను వదిలేశారు. వాట్సాప్‌లో ఫొటో పెడితే ఒకాయన రేపే తీసుకుంటానన్నారు. ఇచ్చేయమంటారా?
- తిరుపతి

జవాబు: రేపు ఇవ్వకండి. పార్వో అనే వైరస్ జబ్బు సోకిన పిల్ల మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి 14 రోజుల వరకూ హుషారుగానే ఆడుకుంటుంది. కొత్త ఇంటికెళ్లాక నెత్తుటి విరేచనాలతో పడిపోతుంది, అక్కడి కుక్కకూ అంటిస్తుంది. అందుకే 14 రోజులు విడిగా ఉంచండి. నేలను ముందు సబ్బునీళ్లతో కడిగి, లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచాలి. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఈలోగా మొదటి టీకా వేయించండి. 16 వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా.

అడిగినాయన మొదటి మాటే ‘ఏ జాతి? ఆడదేనా?’ అయితే జాగ్రత్త. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు అలాగే మొదలుపెడతారు. మీరే వాళ్లింటికి వెళ్లండి. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట్లాడండి. గేటు సందులు, మేడ పిట్టగోడ చూడండి. పగలు ఎవరుంటారు, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది? ఈ మూడో ప్రశ్నకు తడబడే ఇంటికి ఇవ్వొద్దు. కాగితం మీద నాలుగు మాటలు రాయించండి: ఆరు నెలలు నిండగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం, రోజంతా కట్టేయం, అమ్మం, పెంచలేకపోతే మీకే తిరిగిస్తాం. ఆధార్ నకలు తీసుకోండి.

వెళ్లిన మూడు రోజులూ అది మంచం కింద దూరి తిండి మానేయవచ్చు. ‘దీనికి మేం నచ్చలేదు’ అనుకుని తిరిగి తెచ్చేసేది అప్పుడే. ఆ సంగతి ముందే చెప్పండి, మూడో రోజు ఫోన్ చేయండి, మూడు వారాలకు వెళ్లి చూడండి. గేటు దాటి పారిపోవడమూ ఆ తొలి రోజుల్లోనే ఎక్కువ. వాకిట్లోకి తెచ్చినా తాడు విప్పొద్దు, మెడపట్టీ కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. మీ దగ్గర తిన్న తిండినే వారం పాటు పెట్టి, మెల్లగా మార్చమనండి. అది పడుకున్న పాత దుప్పటిని ఉతక్కుండానే వెంట పంపండి.