ఎర్ర కుర్చీ ఎటు తిరిగి ఉంది?

ప్రశ్న: ఈ మధ్య ఒక చిన్న ఇండీ బ్యాండ్ (పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు) మ్యూజిక్ వీడియో చూశాను. ఒకమ్మాయి ఎర్ర కుర్చీ మోసుకుంటూ తిరుగుతూ ఉంటుంది, అక్కడక్కడా దించుతుంది కానీ అందులో ఒక్కసారీ కూర్చోదు, చివరికి సముద్రం ఒడ్డున వదిలేసి వెళ్లిపోతుంది. మధ్యలో గోడ మీద ఆగిపోయిన గడియారం కూడా ఉంది. ఎరుపంటే ప్రేమ కాబట్టి ఇది బ్రేకప్ కథ అని మా ఫ్రెండ్ వాదన. నాకేమో ఆ కుర్చీ చనిపోయిన నాన్నదనిపించింది, ఏడ్చాను కూడా. ఎవరు కరెక్ట్? లేక ఏమీ లేనిచోట మేమే అర్థాలు వెతుక్కుంటున్నామా?

జవాబు: వీడియో కూడా పంపారు కాబట్టి నేనూ చూశానండీ, నాలుగుసార్లు. ముందు మీ ఫ్రెండ్ సంగతి. ఎరుపంటే ప్రేమ, పావురమంటే శాంతి, వానంటే దుఃఖం అని నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఏ వీడియో అయినా పది నిమిషాల్లో తేలిపోతుంది, చేతికి మాత్రం ఏమీ మిగలదు. ఎరుపు గులాబీకీ ఉంది, రక్తానికీ ఉంది, ఆగమనే సిగ్నల్‌కీ ఉంది. ఇక్కడైతే మిగతా వీడియో అంతా బూడిద రంగులో ఉంది, దూరం నుంచి కూడా కుర్చీ కనపడాలనే ఎరుపు వేసి ఉంటారని నా అనుమానం.

రంగు వదిలేసి కుర్చీ ఎటు తిరిగి ఉందో చూడండి. మొదటి పల్లవిలో దాన్ని తనకెదురుగా వేసి తను నేల మీద కూర్చుంటుంది, ఎవరినో కూర్చోబెట్టి మాట్లాడుతున్నట్టు. రెండో పల్లవికి కుర్చీ రోడ్డు వైపు తిరిగింది, ఈమె దాని వెనక నిలబడింది. మూడోసారి సముద్రం వైపు, మనకి కుర్చీ వీపే కనిపిస్తుంది. మూడుసార్లూ పాటలో మాట ఒకటే, కాసేపు ఉండమని. మొదట అది మర్యాదకి అన్నట్టుంది, తర్వాత బతిమాలినట్టుంది, మూడోసారికి తనకి తనే చెప్పుకుంటోందేమో అనిపిస్తుంది. కథంతా ఈ తేడాలోనే ఉంది.

లెవ్ కులెషోవ్ అనే సోవియట్ దర్శకుడు వందేళ్ల కిందట చేసిన ప్రయోగం ఒకటి చెప్పుకుంటారు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్, దాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపిస్తే, ఆకలీ దుఃఖమూ కోరికా ఎంత బాగా నటించాడో అని చూసినవాళ్ళు మెచ్చుకున్నారట. మ్యూజిక్ వీడియోలో ఇది తిరగబడుతుంది, అక్కడ కదలకుండా ఉండేది పల్లవి, మారేది బొమ్మ. అందుకే సౌండ్ తీసేసి ఒకసారి చూడండి, తర్వాత కళ్లు మూసుకుని పాట ఒక్కటే వినండి. సౌండ్ లేకపోతే ఇది ఇల్లు ఖాళీ చేస్తున్న అమ్మాయి కథలా ఉంది, పాట ఒక్కటే వింటే ఇంటికొచ్చిన మనిషిని ఇంకాసేపు ఉండమంటున్నట్టుంది, రెండూ కలిస్తేనే ఆ వచ్చిన మనిషి ఇక లేడన్న భయం పుడుతుంది.

మరి నాన్న? పాటలో నాన్న అన్న మాట లేదు, ఇంట్లో ఒక ఫోటో అయినా లేదు. రాని మనిషి కోసం ఉంచిన చోటు అన్నంతవరకే వీడియో చెబుతోంది, ఆ మనిషిని మీరు తెచ్చుకున్నారు. అది తప్పేం కాదు. కాకపోతే వాదనలో ‘కుర్చీ అంటే నాన్న’ అనకండి, ‘నాకు నాన్న గుర్తొచ్చారు’ అనండి, దాన్ని మీ ఫ్రెండ్ కాదనలేడు. బ్రేకప్ కాదని కూడా వీడియోలో ఎక్కడా లేదు లెండి, కానీ అతను రంగు కాకుండా ఇంకేదైనా చూపించాలి.

గడియారం మాత్రం ఆగిపోలేదండీ. మొదటిసారి పది దాటింది, రెండోసారి నాలుగు కావస్తోంది. కెమెరా దాని మీద ఎక్కడా నిలబడదు, ఫోకస్ కూడా లేదు. షూటింగ్ ఆ గదిలో ఆరు గంటలు పట్టిందనడానికి సాక్ష్యం తప్ప అందులో ఇంకేం లేదని నా లెక్క. డబ్బుల్లేక అడిగి తీసుకున్న ఇంట్లో తీసినప్పుడు గోడ మీద ఉన్నవన్నీ ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాయి మరి.

ప్రశ్న: అదే వీడియోలో ఆమె స్లో మోషన్‌లో నడుస్తుంటే పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. ఎలా?

జవాబు: షూటింగ్‌లో పాటని రెట్టింపు వేగంతో వినిపిస్తారు, ఆమె ఆ వేగానికే పెదాలు కదుపుతుంది, కెమెరా సెకనుకి 48 ఫ్రేములు (విడి బొమ్మలు) తీస్తుంది. తర్వాత 24 చొప్పున ఆడిస్తే పెదాలు మామూలు పాటకి అతుకుతాయి, జుట్టూ గుడ్డలూ అడుగులూ మాత్రం సగం వేగానికి దిగిపోతాయి. గొంతు ఒక కాలంలో, ఒళ్లు ఇంకో కాలంలో ఉన్నట్టుండే ఆ వింతంతా అందులోంచే వస్తుంది.

ప్రశ్న: నేను చూసిన ఇంకో ఇండీ వీడియోలో పాటంతా ఒక పెట్టె చుట్టూ తిప్పి, చివర్లో తెరిచాక లోపల ఏముందో చూపించలేదు. ఇది మోసం కాదా?

జవాబు: దాచడం మోసం కాదు. రేడియోహెడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ వాళ్ళ ‘జస్ట్’ పాట వీడియో చూడండి, 1995లో జేమీ థ్రేవ్స్ తీశారు (పెద్ద కంపెనీ బ్యాండే, ఇండీ కాదని తగవు పడకండి). ఒక మనిషి పేవ్‌మెంట్ మీద పడుకుని ఉంటాడు, ఎందుకని జనం చుట్టూ మూగి అడుగుతారు, మాటలన్నీ కింద సబ్‌టైటిల్స్‌లో వస్తుంటాయి. చివరికి అతను కారణం చెబుతాడు, సరిగ్గా అక్కడ సబ్‌టైటిల్స్ ఆగిపోతాయి. తర్వాత చూస్తే అడిగినవాళ్ళందరూ నేల మీద పడుకుని ఉన్నారు. ఏం చెప్పాడో తెలియదు, అది వాళ్ళని ఏం చేసిందో మాత్రం కళ్లారా చూస్తాం. మీరు చెప్పిన దాంట్లో పెట్టె తెరిచాక ఎవరి ముఖమూ చూపించకుండానే పాట ముగిసిపోయింది. అక్కడ నాకూ చిరాకే వేసింది, లోపల పెట్టడానికి వాళ్ళకేమీ తోచలేదనిపించింది.