వానకు తడిసి నల్లబడిన జొన్నలను ఎండబెట్టి తినవచ్చా?

కర్నూలు జిల్లాలో కోతకు ముందు వానకు తడిసి నల్లబడిన ముంగారి జొన్నలను కడిగి, ఎండబెట్టి రొట్టెలకు వాడవచ్చా అన్నది ప్రశ్న. వాడకూడదనే నా సమాధానం.

గింజ పాలు పోసుకున్నది మొదలు కోత దాకా ముసురు పడితే ఫ్యుజేరియం, కర్వులేరియా వంటి బూజులు కంకిలోనే గింజను పడతాయి. కర్వులేరియా సోకిన గింజ నల్లబడుతుంది. ఫ్యుజేరియం సోకినదానిపై తెల్లని లేదా గులాబీ రంగు నూగు కనిపిస్తుంది, ముదిరితే గోటితో నొక్కినా గింజ పిండి అవుతుంది. ఎండ బూజు పెరుగుదలను ఆపుతుందే గాని, అది అప్పటికే గింజలో వదిలిన విషాన్ని తీసివేయదు. పెనం వేడికీ అది పూర్తిగా నశించదు. 1995లో దక్కన్ పీఠభూమి గ్రామాల్లో ఇలా తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోగా, ఆ ధాన్యంలో ఫ్యుమోనిసిన్ అనే ఫ్యుజేరియం విషం బయటపడింది.

మొక్కజొన్నలోనైతే కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ అనే మరో బూజు విషం భయం కూడా ఉంది. మనం తినకపోయినా పాడి గేదెకు పెడదామనుకోవడం పొరపాటే, ఎందుకంటే అఫ్లాటాక్సిన్ రూపు మార్చుకొని పాలలోకి దిగుతుంది.

తడిసిన కంకులను మంచివాటితో కలపకుండా వేరుచేసి, మంచి గింజలను తేమ 12 శాతానికి తగ్గేదాకా పట్టలపై ఆరబెట్టి, బస్తాలను గోడకు ఆనకుండా చెక్కలపై పేర్చాలి.